రోమా చూపిన ఇరవై అడుగులు

సుబేదారు బమ్మిడి నీలకంఠం దగ్గరికి ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే, ఆయన ముందుగా అడగడానికి వచ్చినవాడి మొహం చూసేవాడు కాదు. వాడి పక్కనున్న కుక్క మొహం చూసేవాడు. అది నాలుక బయటపెట్టి నిశ్చింతగా ఉంటే "అడుగు" అనేవాడు. చెవులు వెనక్కి వాల్చి ఉంటే మాత్రం, "నువ్వు కోపంగా ఉన్నావు. దాన్ని మైదానం చుట్టూ ఒకసారి తిప్పుకుని రా, అప్పుడడుగు" అని పంపేసేవాడు. సైన్యంలో కుక్కలకూ, వాటిని నడిపే జవాన్లకూ తర్ఫీదు ఇచ్చే ఆ కేంద్రంలో ఆయన పదకొండేళ్లుగా గురువు. అక్కడ గురువును ఉస్తాద్ అంటారు. ఆయన మాత్రం అసలు ఉస్తాదులు నాలుగు కాళ్ల మీద తిరుగుతున్నారనీ, తను వాళ్ల మాటను జవాన్లకు తర్జుమా చేసి చెప్పేవాణ్నేననీ అంటుండేవాడు.

ఒక రోజు తవిటినాయుడు అనే కొత్త జవాను అలాగే ప్రశ్నతో వచ్చాడు. పాలకొండ దగ్గర పల్లెవాడు, ఇరవై రెండేళ్లవాడు. ఫిరంగి దళంలోకి వెళ్లాలని ఆశపడ్డాడు. అధికారులు అతన్ని ఇక్కడికి పంపి, హీరా అనే లేత గోధుమరంగు కుక్కను చేతికిచ్చారు. ఆ సంగతి ఇంట్లో తెలిసిన రోజున మేనమామ ఫోన్ చేసి, "కుక్కలకు కూడెట్టడానికేట్రా అంత దూరం ఎల్లినావు?" అని నవ్వాడు. ఆ నవ్వు తవిటినాయుడి చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఉస్తాద్ దగ్గరికి వచ్చిన రోజు ఉదయమే పెరేడ్‌లో, యుద్ధంలో పనిచేసిన ఒక ముసలి కుక్కకు ప్రశంసాపత్రం చదివారు. అందరితో పాటు తవిటినాయుడూ దానికి సెల్యూట్ చేశాడు. చెయ్యి పైకి లేచింది కానీ మనసు లేవలేదు.

ఉస్తాద్ హీరా చెవులు చూసి అతన్ని మైదానం చుట్టూ రెండుసార్లు తిప్పించాడు. మూడోసారి వచ్చినప్పుడు, "ఇప్పుడు అడుగు" అన్నాడు.

"తప్పుగా అనుకోకండి ఉస్తాద్. పేలుడు మందు వాసన తగిలితే కూర్చోవడం కుక్కకు ఆట. కూర్చుంటే బంతి దొరుకుతుందని మనమే నేర్పాం. దాని కళ్లకు కనిపించేది బంతి. చావంటే ఏమిటో దానికి తెలీదు. తెలియకుండా చేసినదాన్ని శౌర్యం అని ఎలా అంటారు? మనిషి చేత దానికి సెల్యూట్ ఎందుకు చేయిస్తారు?"

ఉస్తాద్‌కు కోపం రాలేదు. కుక్కలుండే కెనెల్ ముందున్న సిమెంటు అరుగు మీద కూర్చుని, అతన్నీ కూర్చోమన్నాడు.

"నీ అనుమానంలో తప్పేటీ లేదు. నీ వయసులో నేను ఇదే మాట ఇంతకన్నా మొరటుగా అడిగాను. నాకు జవాబు చెప్పినోడు కదిరి దగ్గరోడు, హవల్దారు ఓబులేసు. చెప్పినోడంటే పూర్తిగా నిజం కాదులే. సగమే చెప్పాడు."

ఆ మధ్యాహ్నం నీలకంఠం చెప్పిన సంగతి ఇది.

అది జరిగేనాటికి ఆయన వయసు ఇరవై నాలుగు. కుక్కలతో ఏ సంబంధమూ లేదు. దారులు వేసే, మందుపాతరలు తీసే ఇంజనీర్ల దళంలో జవాను. సరిహద్దు కొండల్లో యుద్ధం నడుస్తోంది. ఒక శిఖరం మీది పోస్టు మనవాళ్ల చేతికి వచ్చింది కానీ, వెనక్కి తగ్గుతూ శత్రువు దారి పొడవునా మందుపాతరలు పాతి వెళ్లాడు. పైనున్న జవాన్లకు రెండు రోజులుగా మంచు కరిగించిన నీళ్లే తాగడానికి. తూటాలు తరిగిపోతున్నాయి. దారి తెరవమని కెప్టెన్‌తో పాటు పద్దెనిమిది మందిని పంపారు. ముందు నడవడానికి ఓబులేసు, అతని కుక్క రోమా వచ్చారు.

రోమా నల్లటి లాబ్రడార్. నాలుగేళ్ల ఆడకుక్క. నీలకంఠానికి దాన్ని చూస్తే నమ్మకం కలగలేదు. తన చేతిలో ఇనుమును పసిగట్టే డిటెక్టర్ ఉంది, నేలను పొడిచి చూసే చువ్వ ఉంది. వాటిని వదిలేసి, తోక ఊపుకుంటూ పోయే జంతువు వెనక పద్దెనిమిది ప్రాణాలు నడవడం అతనికి నచ్చలేదు. కొండ కింద టీ తాగుతున్నప్పుడు ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, ఇదంతా బంతి కోసమే కదా? బంతి లేకపోతే ఈ కుక్క నీ మాట వింటుందా?"

ఓబులేసు మీసాల చాటున నవ్వాడు. "బంతి కోసమేనప్పా. నువ్వు మాత్రం జీతం లేకుంటే వచ్చేవాడివా?" అని, "అయితే ఒకటి చెప్తా విను. జీతం కోసం వచ్చినోడు ఎంతవరకు వస్తాడో, ఎక్కడ ఆగిపోతాడో, ఆ చోటుకు పోయేదాకా వానికే తెలీదు" అన్నాడు. నీలకంఠానికి ఆ మాట సగమే అర్థమయింది.

తెల్లవారాక నడక మొదలయింది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క జారుడు వాలు. రోమా పొడవాటి తాడు చివర ముక్కు నేలకు ఆనించి, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఊడ్చినట్టు వాసన చూసుకుంటూ పోతోంది. దాని వెనక ఓబులేసు. ఇరవై అడుగుల దూరంలో నీలకంఠం. ఆ వెనక కెప్టెన్, మిగతావాళ్లు. మొదటి గంటలోనే రోమా మూడుసార్లు కూర్చుంది. మూడుసార్లూ నీలకంఠం చువ్వతో మెల్లగా పొడిచి, మట్టి తప్పించి చూస్తే మందుపాతర ఉంది. కొయ్యపెట్టెలో అమర్చినవి కావడంతో డిటెక్టర్ ఒక్కసారి కూడా కూత పెట్టలేదు. కూర్చున్న ప్రతిసారీ ఓబులేసు జేబులోంచి పాత టెన్నిస్ బంతి తీసేవాడు. రోమా గాలిలో ఎగిరి దాన్ని అందుకునేది. చావు పక్కన నిలబడి, ఆ కుక్క అంత సంతోషంగా ఉండటం చూస్తే నీలకంఠానికి ఒళ్లు మండేది. దీనికేం తెలుసు, అనుకునేవాడు.

నాలుగోసారి కూర్చోవడానికి రోమాకు అవకాశం రాలేదు. దారి మలుపులో ఓబులేసు బూటు కింద పలకరాయి జారింది. పడిపోకుండా నిలదొక్కుకోవడానికి అతను ఒక్క అడుగు దారి కిందికి, కుక్క వాసన చూడని నేల మీదికి వేశాడు.

పేలుడు శబ్దం కన్నా ముందు మట్టి వచ్చి నీలకంఠం మొహాన్ని కొట్టింది. కళ్లు తెరిచేసరికి ఓబులేసు దారి మీద లేడు. ఇరవై అడుగుల కింద, గొర్రెల కాపరులు ఎప్పుడో మందలు నిలిపిన చిన్న చదునులో పడి ఉన్నాడు. కుడికాలు చీలమండ దగ్గరే ఆగిపోయింది, పాదం లేదు. తాడు మధ్యకు తెగి, రోమా ఇటువైపు దారి మీదికి విసిరినట్టు వచ్చి పడింది. దాని ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది.

"ఎక్కడివాళ్లు అక్కడే! ఎవరూ కాలు కదపొద్దు!" కెప్టెన్ గొంతు వినిపించింది.

ఓబులేసుకు స్పృహ ఉంది. తన బెల్టు తనే విప్పి తొడకు బిగించి కట్టుకున్నాడు. "ఎవురూ రావద్దండి సార్," అని కింద నుంచి అరిచాడు. "ఇక్కడ కూడా పాతినట్టుండారు. మట్టి కొత్తగా ఉంది."

ఇంకో కుక్కను రప్పించాలంటే మధ్యాహ్నం దాటుతుంది. అంతసేపు ఆ బెల్టుతో రక్తం ఆగదని అందరికీ తెలుసు. 

అప్పుడు రోమా లేచింది. నాలుగు కాళ్ల మీద నిలబడింది కానీ ఒళ్లంతా వణుకుతోంది. కింద ఉన్న ఓబులేసును చూసి, ఒక్క మూలుగు మూలిగి, నేరుగా వాలు మీదికి దూకబోయింది. నీలకంఠం తెగిన తాడును రెండు చేతులతో దొరకబుచ్చుకున్నాడు. ఆ కుక్కను అతను పట్టుకోవడం అదే మొదటిసారి. అది అతన్ని ఈడ్చుకుపోయేంత బలంగా లాగింది.

"రోమా! రుక్!" కింద నుంచి ఓబులేసు కేక వేశాడు. ఆగు అని దానికి అర్థం. రోమా ఆగింది. ఆగి, అతన్నే చూస్తూ నిలబడింది.

"సార్, ఇది దారి చూపిస్తుందేమో," అన్నాడు నీలకంఠం. తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు తనకే ఆశ్చర్యమయింది.

"దానికి దెబ్బ తగిలింది నీలకంఠం. భయపడింది కూడా. ఇప్పుడది పని చేయదు. చేసినా నమ్మి ఎలా నడుస్తాం?" అన్నాడు కెప్టెన్. అంటూనే కిందికి వంగి అరిచాడు. "ఓబులేసూ! నీ కుక్క పని చేస్తుందా?"

 అలిసిపోయిన అతని గొంతు పైకి వచ్చింది.

"దాన్నే అడగండి సార్."

నీలకంఠం రోమా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచీ ఓబులేసు నోట వందసార్లు విన్న మాటే అది. "ఢూండ్" అన్నాడు. వెతుకు అని అర్థం.  రోమా అతన్ని చూసింది, కింద ఉన్న తన మనిషిని చూసింది. అప్పుడే గాలి తిరిగి, కాలిన మందు వాసన పైకి వచ్చింది.

ఆ క్షణం సంగతి చెప్పేటప్పుడు ఉస్తాద్ గొంతు తగ్గింది. పొద్దున్న మూడుసార్లు ఆ వాసనే రోమాకు బంతి అయింది, పండగ అయింది. పుట్టి బుద్ధి తెలిసిన నాటి నుంచీ దానికి ఆ వాసన అంటే ఆటే. ఇప్పుడు ఆ వాసనే దాని చెవిలోంచి రక్తమై కారుతోంది, దాని మనిషిని నేల మీద పడేసింది. రోమా ముక్కుపుటాలు తెరుచుకున్నాయి. వెంటనే తోక కడుపు కిందికి వెళ్లింది. అది ఒక అడుగు వెనక్కి వేసింది. నీలకంఠం దాని కళ్లలోకి చూశాడు. ఇక దీనికి తెలిసిపోయింది, అనుకున్నాడు.

రెండోసారి "ఢూండ్" అనలేకపోయాడు. అనే హక్కు తనకు లేదనిపించింది. తాడు వదులుగా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వెళ్లకపోతే వెళ్లకపోనీ, దీన్ని ఎవరూ తప్పు పట్టకూడదు అనుకున్నాడు.

రోమా వణుకుతూనే ముక్కు నేలకు ఆనించింది.

అడుగు తర్వాత అడుగు. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. పొద్దున్న ఎంత శ్రద్ధగా చూసిందో అంతే శ్రద్ధగా చూసింది. తొందరపడలేదు, ఒక జానెడు నేల కూడా వదలలేదు. దాని వెనక నీలకంఠం. అతని బూటు గుర్తుల్లోనే కాళ్లు పెడుతూ నర్సింగ్ జవాను, స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరు. తాడు అదేపనిగా అదురుతుంటే, చెయ్యి వణికిస్తున్నావేమిటని నీలకంఠం తనను తాను తిట్టుకున్నాడు. తర్వాత చూసుకుంటే, ఆ వణుకులో సగం తనది, సగం రోమాది.

ఏడో అడుగు దగ్గర రోమా కూర్చుంది.

కూర్చుని, తల ఎత్తి, అలవాటు ప్రకారం అతని చేతి వంక చూసింది. నీలకంఠం దగ్గర బంతి లేదు. అది ఓబులేసు జేబులో ఉంది. ఏం చేయాలో తోచక, ఖాళీ అరచేతిని దాని తల మీద పెట్టి "శభాష్ రోమా" అన్నాడు. రోమా ఆ ఖాళీ చేతిని వాసన చూసింది. అతను ఆ చోటు చుట్టూ తెల్ల టేపు పరిచి గుర్తు పెట్టేదాకా ఆగి, పక్కకు తప్పుకుని మళ్లీ ముక్కు నేలకు దించింది.

రెండోసారి కూర్చున్నప్పుడు ఓబులేసుకు మూడంటే మూడు అడుగుల దూరంలో ఉంది. ఇంకొంచెం ముందుకు జరిగితే అతని చెయ్యి నాకగలదు. ఓబులేసు కళ్లు అప్పటికే మూతలు పడ్డాయి. ఏ కుక్కయినా ఒక్క గెంతులో వెళ్లి మీద పడిపోయేది. మనిషయినా అంతే. రోమా గొంతులో చిన్న ఏడుపు వినిపిస్తోంది. అయినా అది కూర్చుంది, కదల్లేదు. నీలకంఠం చువ్వను ఏటవాలుగా దించాడు. రెండు అంగుళాల లోతులో కొయ్యపెట్టె అంచు తగిలింది. రోమా దూకి ఉంటే సరిగ్గా దాని మీదే దూకేది.

ఆ చోటును తప్పించి చుట్టూ తిరిగి అందరూ ఓబులేసును చేరారు. అక్కడ కూడా రోమా ముందుగా అతని దగ్గరికి పోలేదు. అతను పడి ఉన్న చోటు చుట్టూ ఒక వలయం వాసన చూసి, స్ట్రెచర్ పట్టినవాళ్లు ఎక్కడ నిలబడవచ్చో తేల్చింది. ఆ తర్వాతే వెళ్లి గడ్డం అతని గుండెల మీద పెట్టింది.

ఓబులేసు కళ్లు తెరిచాడు. "వచ్చినావా తల్లీ," అన్నాడు. చేతికి రక్తం ఉండగానే జేబులోంచి బంతి తీసి దాని నోటి ముందు పెట్టాడు. రోమా దాన్ని ఒకసారి వాసన చూసి, ముక్కుతో పక్కకు నెట్టేసి, తల మళ్లీ అక్కడే పెట్టుకుంది.

దారి మీదికి స్ట్రెచర్ ఎక్కించినప్పుడు కెప్టెన్ రాతిగోడకు ఆనుకుని చోటిచ్చాడు. స్ట్రెచర్ ఎదురుగా వచ్చేసరికి సెల్యూట్ చేశాడు. ఓబులేసు కోసమే అనుకున్నారంతా. స్ట్రెచర్ దాటిపోయింది. కెప్టెన్ చెయ్యి మాత్రం దిగలేదు. వెనకాల రోమా నడిచి వస్తోంది, దెబ్బ తగిలిన చెవి వైపు తల వాల్చుకుని, ఇంకా వణుకుతూ. అది దాటేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. దారి పక్కన నిలబడిన ప్రతివాడూ చెయ్యి ఎత్తాడు. నీలకంఠం రెండు చేతుల్లోనూ తాడు ఉంది కాబట్టి, ఆ రోజు సెల్యూట్ చేయనివాడు అతనొక్కడే.

ఆ మధ్యాహ్నం దాటాక ఇంకో కుక్క వచ్చి మిగిలిన దారి తెరిచింది. పైనున్నవాళ్లకు నీళ్లు, తూటాలు అందాయి. ఓబులేసుకు మోకాలి కింది భాగం పోయింది, ప్రాణం దక్కింది. రోమాకు ఎడమ చెవి వినపడకుండా పోయింది. నీలకంఠం తనను కుక్కల దళానికి మార్చమని రాసుకున్నప్పుడు తోటివాళ్లు నవ్వారు. అతను ఆ నవ్వులకు జవాబు చెప్పలేదు. వెళ్లి రోమా తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ ఇంకో రెండేళ్లు కలిసి పనిచేశారు. పని మొదలుపెట్టే ప్రతిసారీ రోమా కాసేపు నిలబడి వణికేది. నీలకంఠం తొందరపెట్టేవాడు కాదు. ఆ వణుకు అణిగిందా లేదా అని కూడా చూసేవాడు కాదు, ఎందుకంటే అది ఎప్పుడూ పూర్తిగా అణగలేదు. దానంతట అది ముక్కు నేలకు దించేదాకా పక్కన నిలబడేవాడు. అది దించని రోజు ఒక్కటి కూడా లేదు.

రోమాకు పని నుంచి విరమణ ఇచ్చిన నాడు ఓబులేసు కృత్రిమ కాలు పెట్టుకుని కదిరి నుంచి వచ్చాడు. దాన్ని రైల్లో తన పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. వేరుశనగ చేను గట్టు మీద వాళ్లిద్దరూ కలిసి నడుస్తుంటే ఊరివాళ్లు దారి ఇచ్చేవారట. రోమా మూడేళ్లు అక్కడ బతికి, ఓబులేసు మంచం పక్కనే కన్నుమూసింది.

ఇంతవరకు చెప్పి ఉస్తాద్ ఆగాడు. మైదానం అవతల కొత్త జట్టు ఒకటి కుక్కలను అడ్డుగోడలు దూకిస్తోంది. ఆ కేకలు, మొరుగులు గాలిలో వచ్చిపోతున్నాయి.  హీరా తల తవిటినాయుడి ఒడిలోకి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు, దాని మెడ మీద తన చెయ్యి ఎప్పుడు పడిందో కూడా తెలియదు. ఆఖరికి అడిగాడు. ఈసారి అతని మాటలో వాదం లేదు.

"అయితే ఉస్తాద్, చావంటే ఏమిటో తెలిసే రోమా ముందుకు వెళ్లిందంటారా? దాన్ని ధైర్యం అనే అంటారా?"

నీలకంఠం లేచి ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"నాకేటి తెలుసు నాయనా? నేను దాని వెనకాల నడిచానంతే."